ప్రకృతి బలాబలాలు

జమ్మలమడుగు దాటి మైలవరం చేరిన బాటసారి చూపు మొదట నీటిమీద నిలుస్తుంది. ఎఱ్ఱమల కొండలను కోసుకొంటూ గండికోట కోనలో పారి వచ్చిన పెన్న, ఇక్కడి ఆనకట్ట వెనుక నిలిచి విశాలమైన జలాశయమై పరచుకొన్నది. నీటిని విడిచి మెట్టనేలలవైపు చూస్తే మరొక దృశ్యం. ముదురు నీలపు పలకలు బారులు బారులుగా ఎండకు ఎదురొడ్డి నిలిచి ఉంటాయి. 1000 మెగావాట్ల సామర్థ్యాన్ని ఉద్దేశించి ఈ మండలంలో తలపెట్టిన సౌరవిద్యుత్ క్షేత్రంలో 250 మెగావాట్ల భాగం 2020లో పనిచేయ నారంభించినది. ఇంకను దక్షిణంగా పులివెందుల సీమకు పోతే, వేముల మండలంలో తుమ్మలపల్లె ఉన్నది. అక్కడి నేలక్రింద యురేనియం గని కలదు.

నీరు, కొండ, ఎండ, ఖనిజం: ఈ నాలుగింటికీ పొత్తు ఏమిటని చూపరికి తోచవచ్చును. కాని భౌతికశాస్త్రం చదివినవాని కంటికి ఇవి నాలుగు సాక్ష్యాలు. లోకంలో జరిగే సమస్త వ్యాపారాన్నీ నాలుగు మూలబలాలు నడిపిస్తున్నవని ఆ శాస్త్రం చెప్పుతున్నది. అవి గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, పరమాణు కేంద్రకాన్ని బిగించి ఉంచే ప్రబల బలం, కణాన్ని ఒక జాతినుండి మరొక జాతికి మార్చే దుర్బల బలం. పెన్ననీరు పల్లానికి దిగడం మొదటిదాని పని. గండికోట బండ విచ్చిపోక నిలవడం రెండవదాని పని. తుమ్మలపల్లె ఖనిజంలో మూడవదాని పట్టు కనబడుతుంది. నాలుగవదాని ప్రభావం మైలవరం పలకలమీద పడే ఎండలోనే దాగి ఉన్నది.

పట్టికలోని చిక్కు

ఈ బలాల పేర్లు నేటి విద్యార్థికి కొత్తవి కావు. పాఠ్యపుస్తకంలో వాని తారతమ్యాన్ని తెలిపే చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. ప్రబల బలాన్ని 1 అనుకొంటే విద్యుదయస్కాంత బలం సుమారు నూరవ వంతు. గురుత్వాకర్షణ 10⁻³⁹, అనగా ఒకటి ప్రక్క 39 సున్నాలు గల సంఖ్యతో ఒకటిని భాగించగా వచ్చినంత. విద్యార్థి దీనిని కంఠస్థం చేస్తాడు, పరీక్షలో వ్రాస్తాడు, మార్కులు తెచ్చుకొంటాడు.

చిక్కు వచ్చేది దుర్బల బలం వద్ద. ఒక పుస్తకంలో దాని విలువ 10⁻¹³ అని ఉంటుంది. మరొక పుస్తకంలో 10⁻⁵ అని ఉంటుంది. ఈ రెంటికీ నడుమ తేడా పది కోట్ల రెట్లు! తూకంలో ఇంతటి తేడా చేసే వర్తకుని కొట్టుకు ఎవరును రెండవసారి పోరు. మరి ఈ రెండు పుస్తకాలలో ఏది తప్పని చురుకైన పిల్లవాడు లేచి అడిగితే ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలె? "మన పుస్తకంలో ఉన్నదే వ్రాయి నాయనా" అని కూర్చోబెట్టడం సులభమే. కాని అట్లా కూర్చోబెడితే ఈ విషయంలోని అసలు మర్మం ఆ పిల్లవానికి దక్కకుండా పోతుంది. నిజానికి రెండు పుస్తకాలూ తప్పు కావు. "ఈ బలం ఎంత?" అన్న ప్రశ్నయే అసంపూర్ణం. ఎక్కడ, ఎంత దూరంలో, దేనితో పోల్చి అన్నది చేర్చితేనే ఆ ప్రశ్న పూర్తి అవుతుంది.

సంధి వంటిదే

రెండు అచ్చులు ఎదురుపడినప్పుడు సంధి కలగడం తెలుగు చదివినవారందరికీ తెలిసినదే. ఉత్వసంధి నిత్యం. ఇత్వసంధి కొన్నిచోట్ల వైకల్పికం. అత్వసంధి బహుళం. అచ్చులు ప్రక్కప్రక్కన ఉన్నంత మాత్రాన చాలదు. కలిసే మొగ్గు వానికి ఎంత ఉన్నదనేది వేరొక నియమం. ప్రకృతిలోని కణాలకు కూడ ఇట్టి నియమమే కలదు. ఉదాహరణకు, ఎలక్ట్రాను ఒక కాంతికణాన్ని విడువడానికిగాని గ్రహించడానికిగాని ఎంత మొగ్గు కలిగి ఉన్నదో తెలిపే సంఖ్య ఒకటి ఉన్నది. అట్టి సంఖ్యకు యుగ్మన స్థిరాంకమని పేరు. వైయాకరణుడు నిత్యమనో వైకల్పికమనో మాటతో చెప్పి ఊరకుంటాడు. భౌతికశాస్త్రజ్ఞుడు దానినే అంకెలో చెప్పుతాడు.

విద్యుదయస్కాంత బలానికి చెందిన అంకెను 1916లో జర్మను శాస్త్రజ్ఞుడు సోమర్‌ఫెల్డ్ ప్రవేశపెట్టినాడు. హైడ్రోజను వర్ణపటంలోని రేఖలను సూక్ష్మంగా పరిశీలిస్తే ఒక్కొక్కటి మరింత సన్నని రేఖలుగా చీలి కనబడుతుంది. ఆ చీలికను వివరించబోయి ఆయన ఈ సంఖ్యను ముందుకు తెచ్చినాడు. ఒకటిని 137.036తో భాగిస్తే వచ్చేదే దాని విలువ. దీనికి కొలమానం లేదు. దూరాన్ని మూరలతో కొలిచినా మీటర్లతో కొలిచినా, బరువును శేర్లతో తూచినా కిలోగ్రాములతో తూచినా, ఈ అంకె మారదు. బోరు చిత్రించిన హైడ్రోజను పరమాణువులో ఎలక్ట్రాను వేగం కాంతివేగంలో సరిగా ఇన్నవ వంతే, అనగా సెకండుకు సుమారు 2,188 కిలోమీటర్లు. మైలవరం పలకలలోని సిలికాన్‌లో కాంతి వచ్చి ఎలక్ట్రానును లేవదీసి విద్యుత్ ప్రవాహంలో చేర్చడం కూడ ఈ యుగ్మనం వల్లనే జరుగుతున్నది.

ఒంటరిగా అల్పం, కూడితే ఘనం

ఇదే తీరున గురుత్వాకర్షణకు అంకె కడితే రెండు ప్రోటాన్ల విషయంలో సుమారు 6×10⁻³⁹ వస్తుంది. పట్టికలోని సంఖ్య పుట్టినది ఇక్కడే. ప్రోటాన్లకు బదులు ఎలక్ట్రాన్లను తీసుకొంటే అది మరి ముప్పది లక్షల రెట్లకు పైగా తగ్గిపోతుంది. కనుక పట్టికలో ఒక అంకె కనబడినప్పుడు దాని వెనుక చెప్పకుండా విడిచిన షరతు ఒకటి ఉన్నదని విద్యార్థి ఇక్కడనే గుర్తించవచ్చును.

రెండు ప్రోటాన్ల నడుమ విద్యుద్వికర్షణ వాని గురుత్వాకర్షణకంటె 10³⁶ రెట్లు మిక్కిలి. ఇది తరగతిలో చూపించగల విషయమే. పొడిజుట్టును దువ్విన దువ్వెనను కాగితపు తునకలమీద పట్టితే అవి ఎగిరి అంటుకొంటాయి. క్రిందనుండి భూగోళమంతా ఆ తునకను తనవైపు లాగుతున్నది. పైనుండి లాగుతున్నది ఒక దువ్వెన. గెలిచినది దువ్వెన!

ఐతే ఆనకట్ట వెనుక నీటిని కట్టిపడవేసి, తలుపు తీయగానే పల్లానికి దించేది ఈ అల్పబలమే గదా అని సందేహం రావచ్చును. విద్యుత్తులో ధనం, ఋణం అని రెండు తెగలున్నవి. పెద్ద వస్తువులో అవి ఒకదానినొకటి దాదాపుగా రద్దుచేసుకొంటాయి. గురుత్వాకర్షణలో రద్దు లేదు. భూమిలోని 10⁵¹కి పైబడిన ప్రోటాన్లు, న్యూట్రాన్లు అన్నీ ఒకే దిక్కున లాగుతాయి. గడ్డిపరకలు పేనితే మోకు అయినట్లు, ఇక్కడ గెలుపు కూడికది.

తుమ్మలపల్లె రాతిలోని పెనుగులాట

యురేనియం కేంద్రకంలో 92 ప్రోటాన్లు ఇరుకుగా కూరబడి ఉన్నవి. అన్నీ ధనావేశం గలవే కనుక ఒకదానినొకటి నెట్టివేస్తూనే ఉంటాయి. అయినను కేంద్రకం వెంటనే చెదరదు. దానిని పట్టి ఉంచేది ప్రబల బలం. కాని ఈ బలానికి చేయి పొట్టి. ప్రక్కనున్న కణాన్ని మాత్రమే గట్టిగా పట్టుకొంటుంది. విద్యుద్వికర్షణ చేయి పొడుగు. ప్రతి ప్రోటానూ మిగిలిన తొంబదియొక్కదానినీ నెట్టుతుంది. కేంద్రకం పెరిగినకొలది పొట్టిచేతి బలవంతునికి పొడుగుచేతి శత్రువుతో పోరు కష్టమవుతుంది. చివరకు రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు గల ఒక ముక్క విడివడి వెలికి దూకుతుంది. దానినే ఆల్ఫా కణమంటారు.

యురేనియం-238లో ఈ పోరు ఎంత సరితూగినదంటే, దాని అర్ధాయువు 447 కోట్ల సంవత్సరాలు. తుమ్మలపల్లె ఖనిజాన్ని మోస్తున్న వేంపల్లె సున్నపురాతి పొరలు 188 కోట్ల సంవత్సరాలకంటె పాతవని వానిపై పొరలలోనికి చొచ్చుకొనివచ్చిన అగ్నిశిలల వయస్సును బట్టి చెప్పగలిగినారు. ఆ పొరలు ఏర్పడిననాడు ఉన్న యురేనియం-238లో దాదాపు నాలుగింట మూడు వంతులు నేటికీ అట్లే ఉన్నది. మిగిలినది అంచెలంచెలుగా మారి సీసమైపోయినది. ఆ మార్పులో ఒక్కొక్క పరమాణువు ఎనిమిది ఆల్ఫా క్షయాలను, ఆరు బీటా క్షయాలను గడుస్తుంది. ఆల్ఫా క్షయం ప్రబల బలానికీ విద్యుత్తుకూ నడుమ పెనుగులాట. బీటా క్షయంలో న్యూట్రాను ప్రోటానుగా మారుతుంది. ఈ రూపాంతరం మిగిలిన మూడు బలాలకూ చేతకాదు. అది దుర్బల బలం ఒక్కదానికే చేతనైన విద్య. ఒక్క రాతిముక్కలో మూడు బలాలు ఇట్లు పాలుపంచుకొంటున్నవి.

దుర్బలుని దయ

సూర్యగర్భంలో హైడ్రోజను హీలియంగా మారడంవల్ల ఎండ పుట్టుతున్నది. 1938లో బేథే, క్రిచ్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞులు ఈ మార్పులోని మొదటి మెట్టును లెక్కకట్టి చూపినారు. రెండు ప్రోటాన్లు ఢీకొని కలియవలెనంటే ఆ లిప్తకాలంలోనే వానిలో ఒకటి న్యూట్రానుగా మారవలె. అది దుర్బల బలం చేయవలసిన పని. అందువల్ల సూర్యుని నడిమిభాగంలోని ఒక ప్రోటాను, కోట్లకు కోట్లు తాకిడులు తిన్నప్పటికీ, ఇట్లు కలియడానికి సగటున సుమారు వెయ్యి కోట్ల సంవత్సరాలు పట్టుతుంది. కలియగా ఏర్పడినది డ్యూటరాను. అది మరొక ప్రోటానుతో కలియడానికి మాత్రం కొన్ని సెకండ్లు చాలును.

ఈ రెండు మెట్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడడం విద్యార్థికి ఎంతో మేలు. రెంటిలోను విద్యుద్వికర్షణ ఒక్కటే, ఎందుకంటే డ్యూటరాను మోసేది కూడ ఒక ప్రోటాను ఆవేశమే. సూర్యగర్భపు వేడిమి ఒక్కటే. తేడా ఒక్కచోటనే ఉన్నది. రెండవ మెట్టులో కణం జాతి మారనక్కరలేదు, మొదటి మెట్టులో మారవలె. వెయ్యి కోట్ల సంవత్సరాలెక్కడ, కొన్ని సెకండ్లెక్కడ! దుర్బల బలం దుర్బలమంటే ఎంతో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

ఈ నిదానమే లోకానికి వరమైనది. సూర్యగర్భంలో ఒక ఘనమీటరులో పుట్టే శక్తి మూడువందల వాట్లకు మించదు. అంతే పరిమాణం గల మనుష్యదేహాలు వెలువరించే వేడి ఇంతకంటె ఎక్కువ. ఇంత పొదుపుగా మండుతున్నాడు గనుకనే సూర్యుడు 460 కోట్ల సంవత్సరాలు గడిచినా ఆరిపోలేదు. మైలవరం పలకలకు ఎండ, పెన్న పరీవాహకానికి వాన, కడప సీమలో పైరు, అన్నియు ఆ జాగు వల్లనే దక్కినవి.

అంకెల రహస్యం

ఇప్పుడు పట్టికలోని చిక్కుకు తిరిగి రావచ్చును. 1934లో ఫెర్మీ ప్రకటించిన బీటా క్షయ సిద్ధాంతంలో దుర్బల బలపు స్థిరాంకం కొలమానం లేని వట్టి అంకె కాదు. దానిని వట్టి అంకెగా చేయవలెనంటే ఏదో ఒక ద్రవ్యరాశిని గజకడ్డిగా పెట్టుకోవలె. ప్రోటాను ద్రవ్యరాశిని పెట్టుకొంటే సుమారు 10⁻⁵ వస్తుంది. మరొక దారి కాలాన్ని పోల్చడం. ప్రబల బలంచేత జరిగే క్షయానికి దాదాపు 10⁻²³ సెకండు పట్టితే, దుర్బల బలంచేత జరిగే పెక్కు క్షయాలకు 10⁻¹⁰ సెకండు వరకు పట్టుతుంది. ఈ రెంటి నిష్పత్తి 10⁻¹³. రెండు పుస్తకాలు రెండు గజకడ్డీలు వాడినవి. చేసిన లోపమల్లా ఆ సంగతి చెప్పకపోవడమే.

అంతకంటె వింత మరొకటి ఉన్నది. దుర్బల బలాన్ని మోసుకొనిపోయే డబ్ల్యూ, జెడ్ కణాలను జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో 1983లో కనుగొన్నారు. డబ్ల్యూ కణం ప్రోటానుకంటె 85 రెట్లకు పైగా బరువు. ఇంత బరువును మోయవలసి ఉండడంచేత ఈ బలం చేరగల దూరం ప్రోటాను వ్యాసార్ధంలో మూడువందలవ వంతుకంటె తక్కువ. ఆ దూరానికి లోపలనే నిలిచి దాని యుగ్మన స్థిరాంకాన్ని చూస్తే సుమారు ముప్పదవ వంతు. విద్యుత్తుదో నూట ముప్పదియేడవ వంతు! అనగా దుర్బలమని పేరుపడినది పుట్టుకతో విద్యుత్తుకంటె బలవంతమే. దానిని దుర్బలం చేసినది మోయవలసిన బరువు.

ప్రబల బలం కథ దీనికి తలక్రిందులు. కేంద్రకమంత దూరంలో దాని స్థిరాంకం ఒకటికి దగ్గరగా ఉన్నను, కణాలు మరింత దగ్గరైనకొలది అది తగ్గిపోతుందని 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ అనువారు నిరూపించినారు. అందుకు 2004లో వారికి నోబెల్ బహుమానం లభించినది. ఒకే పలుపుతో కట్టిన రెండు కోడెల తీరు ఇది. దగ్గరగా మేస్తున్నంతసేపు పలుపు వదులుగా ఉంటుంది, ఎడంగా పోజూస్తే బిగిసి లాగుతుంది. జెడ్ కణపు ద్రవ్యరాశికి తుల్యమైన శక్తివద్ద కొలిస్తే ఈ స్థిరాంకం 0.118. అదే శక్తివద్ద విద్యుత్తు స్థిరాంకం 137వ వంతునుండి 128వ వంతుకు పెరుగుతుంది. స్థిరాంకాలని పేరేగాని ఇవి స్థిరంగా నిలిచేవి కావు. ప్రబలమైనది తగ్గుతున్నది, అల్పమైనది పెరుగుతున్నది.

కోలారు గనిలో పరీక్ష

తగ్గేది తగ్గుతూ, పెరిగేది పెరుగుతూ పోతే ఎక్కడో ఒకచోట గురుత్వాకర్షణ తప్ప మిగిలిన మూడును ఒక్కటి కావలె గదా అన్న ఆలోచన 1974 ప్రాంతంలో బలపడినది. జార్జి, గ్లాషోలు ఒక దారిని, భారతీయుడైన జోగేశ్ పతి, పాకిస్తానీయుడైన అబ్దుస్ సలాం మరొక దారిని ఇట్టి ఏకీకరణను ప్రతిపాదించినారు. దీనినుండి భయంకరమైన ఫలితం ఒకటి వచ్చినది. ప్రోటాను కూడ చిరంజీవి కాదు, ఎన్నటికో ఒకనాటికి అదియు నశించవలె.

దీనిని పరీక్షించిన తొలి ప్రయోగాలలో ఒకటి ఆంధ్రదేశపు సరిహద్దుకు చేరువన, కోలారు బంగారు గనులలో జరిగినది. ఆ గనులకు భౌతికశాస్త్రంలో అప్పటికే పేరున్నది. 1965లో, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను అక్కడి లోతులలో పట్టినారు. ఆ పని చేసినవారిలో ఎం. జి. కె. మీనన్, బి. వి. శ్రీకంఠన్, వి. ఎస్. నరసింహం, పి. వి. రమణమూర్తి ఉన్నారు. 1980లో భారతీయ, జపాను శాస్త్రజ్ఞులు కలిసి అదే గనిలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, ఇనుప పలకల నడుమ కణగ్రాహక గొట్టాలు పేర్చి 140 టన్నుల యంత్రాన్ని నిలిపినారు. అంత లోతు ఎందుకంటే, ఆకాశంనుండి వచ్చే కణాల సందడిని పైనున్న రాయి అడ్డుకోవలె గనుక.

ఒక ప్రోటాను 10³¹ సంవత్సరాలు బ్రతుకుతుందనుకొంటే దాని చావు చూడగలవారెవరు? కాని 140 టన్నుల ఇనుములో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిసి 8×10³¹కి పైగా ఉంటాయి. ఆయువు పైని చెప్పినంతే ఐతే ఏడాదికి ఎనిమిది కణాలవరకు నశించవలె. ఒక్కనికోసం యుగాలు కాచుకొనుటకు మారుగా, కోటానుకోట్లను ఒక్కచోట చేర్చి ఏడాది కాచుకోవడమే ఉపాయం. తొలి సంవత్సరాలలో కనబడిన కొన్ని ఘటనలు ప్రోటాను క్షయానికి గుర్తులు కావచ్చునని కోలారు బృందం ప్రకటించినది. అమెరికాలోను జపానులోను నెలకొల్పిన మరింత పెద్ద యంత్రాలు దానిని ధ్రువపరచలేదు. ప్రోటాను పాజిట్రానుగాను పయానుగాను విడిపోవలెనంటే దాని ఆయువు 2.4×10³⁴ సంవత్సరాలకంటె ఎక్కువై ఉండవలెనని జపానులోని సూపర్ కామియోకాండె 2020లో తేల్చినది. మూడు స్థిరాంకాలను సూక్ష్మంగా కొలిచి లెక్కను పొడిగించగా, ఎరిగిన కణాలతో మాత్రమే ఐతే ఆ మూడు గీతలూ ఒక్క బిందువున సరిగా కలియవని కూడ తేలినది. కోలారు గనులు 2001లో మూతపడినవి. ప్రశ్న మాత్రం మూతపడలేదు.

కాబట్టి చురుకైన పిల్లవాడు రెండు పుస్తకాలను చేతబట్టి లేచినప్పుడు ఉపాధ్యాయుడు వెనుదీయనక్కరలేదు. పట్టికకు ప్రక్కన మరి రెండు గడులు గీయించవచ్చును. "ఏ కణాల నడుమ?" అని ఒకటి, "ఎంత దూరంలో, ఎంత శక్తివద్ద?" అని మరొకటి. ఆ గడులు నింపడానికి విద్యార్థి చేసే ప్రయత్నమే భౌతికశాస్త్రం. దువ్వెన, కాగితపు తునకలు తరగతిలోనే దొరుకుతాయి. ఎండ కిటికీలోనుండి వస్తూనే ఉంటుంది. ఆ ఎండ ఇన్ని కోట్ల ఏండ్లు తరగక రావడానికి కారణం, పట్టికలో దుర్బలమని పేరు వ్రాసిన బలమే అని తెలిసిన పిల్లవాడు ఆ పదాన్ని ఇకమీదట తేలికగా చదవడు.